ఏటి మీద బతికేవాడికి పట్టా ఏది?

కార్తీకం వచ్చిందంటే గోదావరికి జనం కదులుతారు. కొందరు మునగడానికి, కొందరు వనభోజనాలకు, ఇంకొందరు పాపికొండల అందం చూడటానికి. మొన్న కార్తీకంలో మేము నలుగురం కూడా కదిలాం. మాది మాత్రం వేట. ఒకాయన రిటైరైన మాస్టారు. ఒకాయన ఖమ్మం వైపు మూడెకరాలు కౌలుకు చేసే రైతు, చెరువులో గాలం వెయ్యడంలో ఘటికుడు. మూడో ఆయన వ్యవసాయ కార్మికుల్లో పాతికేళ్లుగా తిరుగుతున్న కార్యకర్త. నాలుగోది ఈ నాలుగు ముక్కలు రాస్తున్న చెయ్యి. రెండు గాలాలు, ఒక విసురు వల, సంచిలో బియ్యం, ఉప్పూకారం పట్టుకుని భద్రాచలంలో బస్సు దిగాం. అక్కడి నుంచి ఏటి వెంబడి యానాం దాకా కొంత బస్సు, కొంత ఆటో, కొంత పడవ. ఇదీ మా పథకం.

"నీచు మానేసే నెలలో చేపల వేటేమిటండీ?" అని మాస్టారిని ఇంట్లో గట్టిగానే అడిగారట. "చేపలు పట్టి బతికేవాడికి ఏ నెల సెలవో కనుక్కొస్తాను" అని చెప్పి వచ్చానన్నారాయన. నవ్వుకున్నాం. కానీ నాలుగు రోజులూ ఆ ప్రశ్నే మా వెంట వచ్చింది.

ఏటివాలు లేని ఏరు

కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. రెండు నీళ్లూ కాసేపు పక్కపక్కనే నడిచి, ఆ తర్వాత ఒకటవుతాయి. ఈ మండలాలను పోలవరం ముంపు కోసమే 2014లో తెలంగాణ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఇక్కడి ఊళ్లు ఇళ్ల కప్పుల దాకా మునిగాయి. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరదను ముసలివాళ్లు ఇంకా తలుచుకుంటారు. "అప్పటి వరద వచ్చింది, పోయింది. ఇప్పుడు వచ్చింది పోవడానికి దారి చూసుకుంటోంది" అన్నాడు టీ బడ్డీ దగ్గర ఒక కోయ పెద్దాయన.

పోచవరం రేవులో మాకు ఒక పడవ దొరికింది. పడవ మనిషి కొండరెడ్డి, నలభై ఏళ్లవాడు. పర్యాటకుల బోట్ల హడావుడికి దూరంగా కొండల మధ్యకు తీసుకెళ్లాడు. కౌలురైతు మిత్రుడికి ఒక కోరిక ఉంది. ఇంజను ఆపేసి, పడవను ఏటివాలుకు వదిలేసి, గాలం వేసుకుని అలా తేలుతూ పోవాలని. అడిగాడు. పడవ మనిషి నవ్వి ఇంజను ఆపాడు.

పడవ కదల్లేదు.

కాసేపు చూశాం. గాలికి ముక్కు అటూ ఇటూ తిరుగుతోంది తప్ప పడవ ఉన్నచోటే ఉంది. "ఏటివాలు ఎక్కడుందండీ? కింద కట్టేశారుగా. వరద రోజుల్లో తప్ప ఇది ఏరు కాదండి, చెరువు" అన్నాడతను. 2021 జూన్‌లో పోలవరం వద్ద గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. ఆ వెనక నీరు కొండల మధ్య ఎత్తుగా నిలిచింది. అంతకుముందు ఎక్కడ ఇసుక తిన్నె, ఎక్కడ మడుగు, ఏ రాతి పక్కన ఏ చేప పండుకుంటుందో అతనికి అరచేతి గీతల్లా తెలుసు. తాత చెప్పాడు, తండ్రి చూపించాడు. ఇప్పుడా తిన్నెలూ రాళ్లూ అన్నీ నీటి అడుగున ఉన్నాయి. మునిగిన చెట్ల కొమ్మలు వలలను చింపేస్తున్నాయి. మూడు తరాల చదువు ఒక్క కట్టతో పనికిరాకుండా పోయింది.

ఆ నిలవ నీటిలోనే మా మిత్రుడి గాలానికి ఒక జెల్ల పడింది. ఉత్సాహం కొద్దీ చేత్తో పట్టుకోబోయాడు, ముల్లు గుచ్చింది. "చెరువు చేపకీ ఏటి చేపకీ తేడా తెలిసిందా?" అని మాస్టారు వేళాకోళం. విసురు వల వంతు మాది. పడవ మనిషి విసిరితే నీటి మీద గుండ్రంగా పరుచుకున్న వల, మేము విసిరితే తడిగుడ్డలా ముద్దగా పడింది. వల విసరడం చూసినంత తేలిక కాదు. నడుము తిరగాలి, మోచెయ్యి తెలియాలి, సీసపు గుళ్లు ఒకేసారి నీటిని తాకాలి. దీన్ని పనితనం అనకపోతే ఇంక దేన్ని పనితనం అంటాం?

లెక్కకు రాని ఆస్తి

వండుకున్న అన్నం ఒడ్డున కూర్చుని తింటుండగా పడవ మనిషి అసలు సంగతి చెప్పాడు.

"మా నాన్న పేర రెండెకరాల పట్టా ఉందండి. దాని లెక్క రాసుకున్నారు. ఇల్లు కొలిచారు. చింతచెట్లు లెక్కపెట్టారు. నాకు ఈ పడవ ఉంది, నాలుగు వలలున్నాయి. ఇవి ఎవరూ అడగలేదండి. ఏటికి పాసుబుక్కు ఉండదంట."

పోలవరం ముంపులో సుమారు లక్ష కుటుంబాలు కదలాలి. భూమి ఉన్నవాడి నష్టం కాగితం మీద కనబడుతుంది. కూలి చేసేవాడి నష్టం కొంత కనబడుతుంది, కొంత మాయమవుతుంది. ఏటి మీద బతికేవాడిది అసలే కనబడదు. గట్టు మీద నుంచి చూసే ఆఫీసరుకు నీళ్లు నీళ్లలాగే కనబడతాయి. అందులో ఒకడి పొలం ఉందని తోచదు.

అప్పుడు కార్యకర్త మిత్రుడు సంచిలోంచి నలిగిన పుస్తకం తీశాడు. 2013 భూసేకరణ చట్టం. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో "బాధిత కుటుంబం" అంటే ఎవరో చెప్పే చోట భూమి యజమానులే కాదు, కౌలుదార్లూ కూలీలూ ఉన్నారు. అడవి మీద, నీటి మీద మూడేళ్లుగా ప్రధానంగా ఆధారపడి బతుకుతూ, భూసేకరణ వల్ల ఆ బతుకుతెరువు దెబ్బతిన్న కుటుంబాలూ ఉన్నాయి. చేపలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు అని చట్టమే విడివిడిగా పేరు పెట్టి చెప్పింది. ఇంకో మాట కూడా ఉంది. ఏరు, చెరువుల్లో వేట హక్కున్న గిరిజనులకు, దళితులకు ప్రాజెక్టు జలాశయంలో వేట హక్కు ఇవ్వాలి. మిగతా బాధిత కుటుంబాల దగ్గరకొచ్చేసరికి చట్టం "ఇవ్వవచ్చు" అని మెత్తబడింది. "ఇవ్వాలి"కీ "ఇవ్వవచ్చు"కీ మధ్య ఎన్ని కుటుంబాలు జారిపోతాయో మనకు తెలియంది కాదు.

పడవ మనిషి ఆ పేజీని చాలాసేపు చూశాడు. అతనికి చదువు రాదు. "ఇందులో పడవోడని రాసుందా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ మాస్టారు వేలు పెట్టి చూపించారు.

మునిగేవాడిని తీసిందెవరు?

సరదాకు తేలేవాడికి టిక్కెట్టుంది, లైఫ్ జాకెట్టుంది. అవి సరిగా లేనినాడు ఏమైందో కచ్చులూరు చెబుతుంది. 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరి మీద, 77 మందితో వెళుతున్న పర్యాటక బోటు అక్కడ తిరగబడింది. బతికి బయటపడింది 26 మంది. వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఎవరు? తూటుగుంట గ్రామస్తులు. నాటు పడవలు వేసుకుని ఆ సుడుల్లోకి వెళ్లారు. నెల దాటాక, అక్టోబరు 22న, ఆ బోటును పైకి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. పెద్ద పెద్ద యంత్రాంగాలు చేతులెత్తేసిన చోట ఏటినీ సముద్రాన్నీ ఎరిగినవాళ్ల అనుభవమే అక్కరకొచ్చింది. ప్రమాదం వచ్చిన రోజున వాళ్లు వీరులు. జాబితా రాసే రోజున వాళ్లు ఎవరికీ గుర్తురారు.

పులస దారి

పూర్వం రాజమండ్రికి ఇటునుంచి లాంచీలు నడిచేవి. ఇప్పుడు మధ్యలో కట్ట ఉంది కనుక రోడ్డు పట్టాం. చింతూరు, మారేడుమిల్లి ఘాటు, రంపచోడవరం మీదుగా రాజమండ్రి చేరేసరికి ఒళ్లు హూనమైంది. పొద్దున్నే ధవళేశ్వరం వెళ్లాం.

కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాడు. డెల్టా పచ్చబడింది, కాదనలేం. దాని స్థానంలో 1980ల్లో బ్యారేజీ వచ్చింది. అయితే ఆ గోడకు ఇంకో వైపు కథ ఒకటుంది. జూలైలో ఎర్రనీరు దిగగానే సముద్రంలోని ఇలస గుడ్లు పెట్టడానికి తీపినీటికి ఎదురీదుతుంది. ఏటిలోకి వచ్చాక దాని పేరు పులస. పుస్తెలమ్మైనా తినాలనే సామెత దాని మీదే పుట్టింది. ఎదురీది ఎదురీది వచ్చిన ఆ చేపకు ధవళేశ్వరం దగ్గర దారి మూసుకుపోతుంది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ నడవడం మొదలయ్యాక ఎగువ ఊళ్లలోనూ ఇదే జరిగింది. అలహాబాదు దాకా ఎక్కే చేప అటు కనబడకుండా పోయింది.

రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన చెప్పాడు: "కిలో వేలకు పోతందని పేపర్లో రాత్తారండి. ఆ వేలు మాకు కాదండి. పడవకీ వలకీ సావుకారి దగ్గర ముందే డబ్బు తెచ్చుకుంటాం. చేప ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిందే రేటు. నా చేత్తో పట్టిన పులస నా ఇంట్లో ఉడికి ఎన్నేళ్లయిందో!"

మా కౌలురైతు తలెత్తి చూశాడు. కౌలుకు చేసేవాడికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ అది సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు. ఏటివాడికి ఆ భృతి లేదు. గుడ్ల కాలంలో పులసను పట్టకండని వీళ్లకు హితవు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బంగ్లాదేశ్‌లో ఏటా అక్టోబరులో 22 రోజులు ఇదే చేప వేట ఆపి, జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. అది చాలీచాలనిదే కావచ్చు. కనీసం ఆపమన్నవాడే గింజలు ఇవ్వాలన్న ఇంగితం అందులో ఉంది.

పంటు మీద

గట్టు వెంబడి కోటిపల్లి వచ్చాం. రేవు నిండా కార్తీక స్నానాల జనం. ముక్తేశ్వరం వైపు వెళ్లే పంటు ఎక్కి అటు ఇటు తిరిగాం. మా పక్కన కొడవళ్లు పట్టుకున్న ఆడవాళ్లు. కోత మిషన్లు వచ్చాక సార్వా కోతలు నాలుగు రోజుల పని కూడా కావడం లేదట. "పని లేని రోజు మా ఆయన వలేస్తాడు, నేను తట్ట నెత్తినెట్టుకుంటా" అంది ఒకామె. కూలివాడు వేరు, జాలరి వేరు అని మనం సంఘాల రిజిస్టర్లలో రాసుకుంటాం. ఆమె ఇంట్లో ఇద్దరూ ఒకటే.

యానాంలో చీరమేను కాలం. తూరుపుగాలికి ఏటిలోకి వచ్చే ఆ సన్నటి పిల్లచేపలను చీరలతో వడగట్టి పడతారు. తవ్వలతో, సేర్లతో కొలిచి అమ్ముతారు. కొని, చింతచిగురు దొరక్క చింతపండుతోనే వండించుకుని తిన్నాం. నెల నియమం ఏమైందని మాస్టారిని అడగలేదు. ఆయనే అన్నారు: "కనుక్కున్నానయ్యా. చేపలు పట్టేవాడికి సెలవు నెల లేదు. ఆకలి నెలలు మాత్రం ఉన్నాయి."

చెయ్యాల్సింది ఏమిటి?

ముంపు ఊళ్లలో పనిచేస్తున్న మిత్రులు గ్రామసభల్లో పడవలు, వలలు లెక్క రాయించాలి. మూడేళ్లుగా ఏటి మీదే బతికామని ఊరంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టిన కాగితాలు తయారుచెయ్యాలి. రేపు పోలవరం జలాశయం నిండుతుంది. అందులో చేప పెరుగుతుంది. ఆ చేప మీద కాంట్రాక్టర్ల కన్ను పడకముందే, ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల సహకార సంఘాలకు వేట హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలని పట్టుబట్టాలి. దిగువన ఏటి జాలరికి కూడా వేట లేని కాలంలో భృతి ఇవ్వాలి, సావుకారి అప్పు నుంచి బయటపడేందుకు బ్యాంకు అప్పు ఇప్పించాలి. వ్యవసాయ కార్మికుల సంఘాలు ఇది మాది కాదు అనుకోకూడదు. పంటు మీది ఆమె మాట గుర్తుపెట్టుకోవాలి.

వచ్చేటప్పుడు ఆ నలిగిన పుస్తకం మా సంచిలో లేదు. పోచవరం రేవులోనే పడవ మనిషి అడిగి తీసుకున్నాడు. ఊళ్లో చదువుకునే కుర్రాడితో చదివించుకుంటానన్నాడు. మేము పట్టిన చేపలు అన్నీ కలిపి కిలో ఉండవు. అయినా వేట వట్టిపోలేదనే మా నమ్మకం.