కూకట్‌పల్లి నాలా మురికి కాలువేనా?

ఈ ఎపిసోడ్‌లో నేను కూకట్‌పల్లి నాలా గురించి చెప్తాను. చూడ్డానికి మురికి కాలువే, కానీ నిజానికి ఇది వాన నీళ్ల దారి. కూకట్‌పల్లి వైపు నుంచి బేగంపేట మీదుగా వచ్చి హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. సాగర్ నిండితే ఆ నీళ్లు మూసీలోకి పోతాయి.

మరి పెద్ద వాన పడితే బేగంపేట బ్రాహ్మణవాడిలో ఇళ్లలోకి నీళ్లెందుకొస్తాయి? పైన మట్టి నేల పోయి కాంక్రీట్ వచ్చింది. వాన ఇంకదు, అంతా ఒకేసారి నాలాలోకి దిగుతుంది. ఆక్రమణలతో నాలా ఇరుకైంది, ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడితే ఇంకా ఇరుకు. పైవాళ్లు పడేసిన చెత్తకి కిందివాళ్ల సామాన్లు తడుస్తాయి.

మీ పక్కన నాలా ఏ చెరువులో కలుస్తుందో మ్యాప్‌లో చూసి కామెంట్ చేయండి. నీళ్లు రోడ్డెక్కితే మాత్రం దాటొద్దు, నాలా అంచు కనబడదు.