నిలువునా లేచే విమానం ధ్వనిని దాటగలదా?

మామూలు విమానం ఎగరాలంటే ముందు నేల మీద పరుగెత్తాలి. దానికి పొడవాటి దారి కావాలి. ఆ దారినే రన్‌వే అంటారు. పరుగు లేకుండా ఉన్న చోటి నుంచే నిలువునా లేచే యుద్ధ విమానం ఒకటి ఇంగ్లండులో తయారైంది. దాని పేరు హారియర్. దూకినట్టు పైకి లేస్తుంది కాబట్టి జంప్ జెట్ అని కూడా అన్నారు. 1969లో అది ఆ దేశపు వైమానిక దళంలో చేరింది.

మన నౌకాదళం కూడా ఈ రకం విమానాలు కొన్నది. ఓడల మీద పనిచేసే ఈ రకాన్ని సీ హారియర్ అంటారు. 1983 నుంచి 2016 వరకు అవి మన దేశంలో పనిచేశాయి. విక్రాంత్, విరాట్ అనే పెద్ద ఓడల మీద నుంచి లేచేవి, మళ్లీ వాటి మీదే దిగేవి. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఒక సీ హారియర్‌ను జనం చూడటానికి ఉంచారు.

ఈ విమానం నేరుగా ఎగిరేటప్పుడు ధ్వని కంటే వేగంగా పోలేదు. మరి పైనుంచి కిందికి దూకుతూ పోతే? అప్పుడు దాటగలదా? దాటితే నడిపేవాడు క్షేమంగా బయటపడతాడా?

ముందు ధ్వని వేగం సంగతి చూద్దాం. మెరుపు ముందు కనబడుతుంది. ఉరుము తర్వాత వినబడుతుంది. మెరిసిన మూడు సెకన్లకు ఉరుము వినిపిస్తే ఆ మెరుపు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. అంటే ధ్వని కూడా ప్రయాణం చేస్తుంది. నేల దగ్గర దాని వేగం గంటకు సుమారు 1,225 కిలోమీటర్లు. చలిగాలిలో ఈ వేగం తగ్గుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున ఎముకలు కొరికే చలి. అక్కడ ధ్వని గంటకు 1,060 కిలోమీటర్లే పోతుంది.

సీ హారియర్ సముద్రం మీద తక్కువ ఎత్తులో గంటకు 1,180 కిలోమీటర్ల దాకా పోయేది. ఇంకా కొంచెమే కదా, అది కూడా దాటలేదా అనిపిస్తుంది. ఆ కొంచెమే కష్టం.

జాతరలో బండి వస్తోందనుకోండి. బండివాడు "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తాడు. ముందున్న జనం ఆ కేక విని పక్కకు జరుగుతారు. బండికి దారి దొరుకుతుంది. కేకతో పాటే బండి కూడా మీదికి వస్తే? జరగడానికి వ్యవధి ఉండదు. జనం ఒకరి మీద ఒకరు పడతారు. గాలి కూడా అంతే. విమానం వస్తున్న కబురు గాలికి ధ్వని వేగంతోనే అందుతుంది. విమానం కూడా అదే వేగంతో వస్తే గాలి తప్పుకోలేదు. కుప్పపడి గోడలా బిగుసుకుంటుంది. దీన్నే షాక్ వేవ్ అంటారు. ఆ గోడను తోసుకుని పోవాలంటే చాలా బలం కావాలి.

హారియర్‌లో ఇంజను ఒక్కటే. దానికి నాలుగు గొట్టాలు. వాటిని కిందికి తిప్పితే విమానం పైకి లేస్తుంది. వెనక్కి తిప్పితే ముందుకు పోతుంది. బరువునంతా నిలువునా ఎత్తాలి కాబట్టి ఇంజను ముందు పెద్ద ఫ్యాను పెట్టారు. దానికి గాలి అందాలని రెండు పక్కలా వెడల్పాటి నోళ్లు పెట్టారు. పైకి లేవడానికి ఇవన్నీ మంచివే. ధ్వనిని దాటడానికి మాత్రం సన్నని ఒళ్లు, పదునైన రెక్కలు కావాలి. రెండూ ఒకే విమానంలో కుదరలేదు.

కానీ దిగుడులో సైకిలు తొక్కకుండానే ఎలా ఉరుకుతుందో చూశారుగా! విమానం కూడా ముక్కు కిందికి పెడితే ఇంజను బలానికి సొంత బరువు తోడవుతుంది. అప్పుడు ఆ గోడను దాటగలదు. హారియర్‌కు ముందు తయారైన ప్రయోగ విమానమే 1960లలో అలా దూకుతూ ధ్వనిని దాటింది.

అయితే దాటడం ఒక ఎత్తు, తిరిగి ముక్కు ఎత్తడం ఇంకో ఎత్తు. 1946 సెప్టెంబరులో ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ అనే పైలట్ ఒక కొత్త జెట్ విమానాన్ని పరీక్షిస్తున్నాడు. ఆ విమానాలు చేసే కంపెనీ పెట్టింది ఆయన తండ్రే. ధ్వని వేగానికి చేరువలో ఆ విమానం గాలిలోనే విరిగిపోయింది. ఆయన చనిపోయాడు.

విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పేది తోక దగ్గరి చిన్న రెక్క. పాత విమానాల్లో ఆ రెక్క కదలదు. దాని వెనుక అంచున ఒక పలక మాత్రం తలుపులాగా కదులుతుంది. షాక్ వేవ్ వచ్చినప్పుడు ఆ పలక పట్టు తప్పుతుంది. పైలట్ ఎంత లాగినా ముక్కు లేవదు. పైగా అదే సమయంలో ముక్కు ఇంకా కిందికి వాలుతుంది.

1961 ఆగస్టు 21న అమెరికాలో ఇది బాగా తెలిసొచ్చింది. డీసీ-8 అనేది ప్రయాణికుల విమానం. ప్రయాణికులు లేకుండా దాన్ని 15 కిలోమీటర్ల పైకి తీసుకుపోయి కిందికి దూకించారు. అది ధ్వనిని దాటింది, ఓ పదహారు సెకన్లు అలాగే పోయింది. పైలట్ విలియం మగ్రూడర్ ముక్కు ఎత్తబోయాడు. లేవలేదు. ఆ విమానంలో తోక రెక్క మొత్తాన్ని తిప్పే మోటారు కూడా ఉంది. గాలి ఒత్తిడికి అదీ బిగుసుకుపోయింది. అప్పుడాయన ముక్కును ఇంకాస్త కిందికి నెట్టాడు! తలుపు బిగుసుకుంటే ముందు కొంచెం లోపలికి నెట్టి గడియ తీస్తాం చూడండి, అట్లా. ఒత్తిడి సడలింది, మోటారు తిరిగింది. పదిన్నర కిలోమీటర్ల ఎత్తున విమానం దారికొచ్చింది. ఎత్తు ఉంది కాబట్టే ఆ ఉపాయం చేయడానికి వ్యవధి దొరికింది.

హారియర్‌లో తోక రెక్క మొత్తం కదులుతుంది. అందుకని షాక్ వేవ్ వచ్చినా ముక్కు మాట వింటుంది. అయినా ఎంత పైనుంచి దూకాలి, ఎంత వేగం మించకూడదు అన్నది ముందే లెక్క వేసుకోవాలి. బాగా పైన గాలి పలుచన. విమానం మీద దెబ్బ తక్కువ. కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడుతుంది. అదే వేగానికి ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ వేగంతో నిటారుగా పడితే 12 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేలకు 40 సెకన్లే. కంగారుపడి ఒక్కసారిగా ముక్కు లాగితే ఇంకో ఇబ్బంది. పైలట్ ఒంటి బరువు నాలుగైదు రెట్లయినట్టు ఉంటుంది. రక్తం కాళ్లలోకి దిగి కళ్లు చీకట్లు కమ్ముతాయి. కాబట్టి బాగా ఎత్తున, కొద్ది సెకన్లు మాత్రం దాటడం క్షేమం. కింద అదే పని చేస్తే ప్రాణాపాయం.

నిజానికి హారియర్‌కు ఆ వేగంతో పెద్దగా పనిలేదు. 1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలో అర్జెంటీనా వైపు ధ్వనిని మించిపోయే విమానాలు ఉన్నాయి. అయినా గాలిలో ఎదురెదురు పోరులో వాళ్లు ఒక్క సీ హారియర్‌ను కూడా కూల్చలేకపోయారు.

ఆ తర్వాత అమెరికాలో ఎఫ్-35బి అనే విమానం వచ్చింది. దానిలో పైకి ఎత్తడానికి పైలట్ వెనుక వేరే ఫ్యాను ఉంది. పని అయ్యాక దాని మీద మూత పడుతుంది. అందువల్ల ఆ విమానం నిలువునా దిగగలదు, దూకాల్సిన పని లేకుండా నేరుగా ఎగురుతూనే ధ్వనికి ఒకటిన్నర రెట్ల వేగం అందుకోగలదు.