గో (ఆట)

గో ఇద్దరు ఆడే ప్రాచీనమైన ఆట. చైనాలో పుట్టిన ఈ ఆటకు 2,000 సంవత్సరాలకు మించిన చరిత్ర ఉన్నది. చైనీయులు దీనిని వైచీ అనీ, కొరియావారు బాదుక్ అనీ, జపానువారు ఇగో అనీ అంటారు. పాశ్చాత్య దేశాలకు జపాను ద్వారా చేరినందున గో అనే పేరే స్థిరపడింది.

ఆడే విధానం

బల్లపై నిలువుగా 19, అడ్డంగా 19 గీతలుంటాయి. చదరంగంలో వలె గడులలో కాక, తెలుగునాట ఆడే పులిజూదంలో వలె గీతలు కలిసేచోట కాయలను పెడతారు. ఇటువంటి స్థానాలు 361. నల్లకాయల వారు ముందుగా ఆడతారు. పెట్టిన కాయను జరపరాదు.

కాయను ఆనుకొని గీతల వెంట ఉన్న ఖాళీ స్థానాలను చైనా భాషలో ఊపిరి అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. ఒంటరి కాయకు బల్ల నడుమ 4, అంచున 3, మూలలో 2 ఊపిరులుంటాయి. ప్రక్కప్రక్కన కలిసిన ఒకే రంగు కాయలు ఊపిరిని పంచుకుంటాయి. ఊపిరులన్నిటినీ ప్రత్యర్థి మూసివేస్తే ఆ గుంపు మొత్తం పట్టుబడి బల్ల నుండి తొలగుతుంది. అయితే ఒకే కాయను ఇద్దరూ వెంటవెంటనే పట్టుకుంటూ పోతే ఆటకు అంతముండదు కనుక, మధ్యలో మరొకచోట ఒక ఎత్తు ఆడిన తరువాతనే తిరిగి పట్టవచ్చు. ఇది కో నియమం.

ఎక్కువ స్థలాన్ని చుట్టుకున్నవారిదే గెలుపు. మూలలో రెండు వైపుల బల్ల అంచే గోడ వలె నిలుస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు సాధారణంగా మూలలతో ఆరంభించి, అంచులకు, ఆపై నడుమకు వస్తారు.

రెండు కళ్ళు

ఈ నియమాలను గంటలో నేర్చుకోవచ్చు. ఏ గుంపు బ్రతికి ఉన్నదో, ఏది చచ్చినదో గుర్తించడమే అసలు చిక్కు. గుంపు లోపల మూసుకొని ఉన్న ఖాళీని కన్ను అంటారు. ఒకే కన్ను ఉన్న గుంపును వెలుపల అంతటా ముట్టడించి, చివరి కాయను ఆ కంటిలో పెట్టి పట్టవచ్చు. వేర్వేరుగా రెండు కళ్ళుంటే అది సాధ్యం కాదు. ఒక కంటిలో కాయ పెట్టబోతే గుంపుకు రెండవ కంటిలో ఊపిరి మిగిలే ఉంటుంది, పెట్టిన కాయకే ఊపిరి ఉండదు. ఈ సూత్రాన్ని ఎవరూ ప్రత్యేక నియమంగా విధించలేదు, పై నియమాల నుండి దానంతట అదే పుట్టింది.

ఇద్దరూ వరుసగా తమ వంతు వదులుకుంటే ఆట ముగుస్తుంది. అప్పుడు చచ్చిన గుంపులను తీసివేసి లెక్కిస్తారు. కొత్తవారు తికమకపడేది ఇక్కడే. జపాను లెక్కలో చుట్టుకున్న ఖాళీలు, పట్టిన కాయలు మాత్రమే చేరతాయి. అనుమానంతో సొంత స్థలంలో ఒక కాయ పెట్టుకుంటే ఒక పాయింటు పోతుంది. చైనా లెక్కలో బల్లపై బ్రతికిన కాయలు కూడా చేరతాయి కనుక ఆ నష్టముండదు. నేర్చుకునేవారికి ఇదే అనువైనది.

అభ్యాసం

ప్రారంభకులు 9 గీతల చిన్న బల్లపై ఆడటం మంచిది. కాయలను పట్టడమే గెలుపనుకొని ప్రత్యర్థి గుంపును తరమడం వీరిలో తరచుగా కనిపించే దోషం. ఆ గుంపు తప్పించుకుంటూనే బల్లలో సగం ఆక్రమించవచ్చు. మొదటి 100 ఆటలు త్వరగా ఓడిపోవాలని ఆటగాళ్ళలో ఒక నానుడి. బలంలో తేడా ఉన్నప్పుడు బలహీనుడు 2 నుండి 9 నల్లకాయలను ముందే పెట్టుకుంటాడు. అందువలన గురువు, శిష్యుడు కూడా నిజమైన పోటీగా ఆడుకోగలరు.

2016 మార్చిలో ఆల్ఫాగో అనే కంప్యూటరు ప్రోగ్రాము కొరియా ఆటగాడు లీ సెడోల్‌ను 4-1తో ఓడించింది. రెండవ ఆటలో అది ఆడిన 37వ ఎత్తును చూసి నిపుణులే విస్తుపోయారు. నాటి నుండి ఇటువంటి ప్రోగ్రాములతో తమ ఆటలను సరిచూసుకోవడం అలవాటైంది. అవి మంచి ఎత్తును చూపుతాయి కానీ కారణం చెప్పవు. అందుచేత గుంపుల చావుబ్రతుకులపై ఉండే చిన్న చిన్న సమస్యలను బల్ల ముట్టకుండా మనసులోనే సాధించే పాత పద్ధతి నేటికీ నిలిచి ఉన్నది.