హెచ్‌ఐవీ పెప్ మందు: 72 గంటలు, 28 రోజుల లెక్క ఎక్కడిది?

రోగికి వాడిన సూది నర్సు వేలికి గుచ్చుకుంది. లైంగిక దాడికి గురైన మహిళ ఆస్పత్రికి వచ్చింది. ఇలాంటప్పుడు హెచ్‌ఐవీ సోకే ముప్పు ఉందనుకుంటే డాక్టర్లు 'పెప్' మందులు మొదలుపెడతారు. పూర్తి పేరు పోస్ట్ ఎక్స్‌పోజర్ ప్రొఫిలాక్సిస్. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. వికారంగా ఉందనో, ఎవరైనా మాత్రలు చూస్తారనో మధ్యలో ఆపేసేవాళ్లు ఉంటారు. వారం వాడితే సరిపోదా?

దీనికి జవాబు ప్రయోగశాల కోతులపై చేసిన పరీక్షల్లో దొరుకుతుంది. మనుషులకు కావాలని హెచ్‌ఐవీ ఎక్కించి మందును పరీక్షించలేం కదా. అందుకే హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమైన ఎస్‌ఐవీని మకాక్ కోతులకు ఎక్కించి చూశారు.

1995లో అమెరికా పరిశోధకులు పీఎంపీఏ అనే రసాయనంతో చేసిన ప్రయోగం వెలువడింది. ఇప్పుడు టెనోఫోవిర్ అంటున్నది దాన్నే. వైరస్ ఎక్కించడానికి 48 గంటల ముందు కొన్ని కోతులకు, 4 గంటల తర్వాత కొన్నిటికి, 24 గంటల తర్వాత మరికొన్నిటికి మందు మొదలుపెట్టి 4 వారాలు ఇచ్చారు. వాటిలో ఒక్కదానికీ వైరస్ సోకలేదు. మందు ఇవ్వని కోతులన్నిటికీ సోకింది.

అసలు సంగతి 1998 నాటి ప్రయోగంలో తేలింది. 24 గంటలకు మొదలుపెట్టి 28 రోజులు ఇస్తే వైరస్ నిలదొక్కుకోలేదు. 10 రోజులకే ఆపేస్తే సగం కోతులే పూర్తిగా బయటపడ్డాయి. 3 రోజులకే ఆపేస్తే ఒక్కటీ బయటపడలేదు. మందు 48 గంటలకో, 72 గంటలకో మొదలైనప్పుడు కూడా అన్నిటికీ రక్షణ దక్కలేదు.

కాబట్టి 72 గంటలంటే 'ఇంకా మూడు రోజులుంది' అని కాదు, అది ఆఖరి హద్దు. వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టడం మేలు. కారణం ఉంది. కణంలోకి చొరబడిన వైరస్ తన జన్యు సమాచారాన్ని డీఎన్‌ఏగా మార్చుకోకుండా టెనోఫోవిర్ అడ్డుపడుతుంది. ఆ డీఎన్‌ఏ మన కణం డీఎన్‌ఏలో ఒకసారి కలిసిపోతే ఈ మందు దాన్ని బయటికి లాగలేదు.

కోతులకు పనిచేసినంత మాత్రాన మనుషులకూ అంతే పనిచేస్తుందని చెప్పలేం. సూది గుచ్చుకున్న ఆరోగ్య సిబ్బంది వివరాలతో 1997లో వెలువడిన అధ్యయనంలో, జిడోవుడిన్ అనే పాత మందు వాడినవారికి ముప్పు సుమారు 81 శాతం తగ్గినట్టు తేలింది. అంటే నూటికి నూరు శాతం భరోసా లేదు. అందుకే కోర్సు అయ్యాక కూడా పరీక్షలు చేయించుకోవాలి.

మన దగ్గర పెప్‌గా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపి ఇస్తారు. సూది గుచ్చుకుంటే వేలిని పిండకండి. సబ్బు, నీళ్లతో కడిగి, వెంటనే ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీకి గానీ ఏఆర్‌టీ సెంటర్‌కు గానీ వెళ్లండి. ముప్పు ఎక్కువగా ఉండే ఆరోగ్య సంస్థలు సిబ్బందికి పెప్ అందించాలని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు కాల్ చేయొచ్చు, ఉచితం.