భుజం దిగిన బరువు

ఇరవై ఏళ్లు డీఎస్సెల్లార్లు మోశాక చేతికో చిన్న మిర్రర్‌లెస్ కెమెరా వచ్చింది. తొలి నెల రోజుల్లో అది ఏమిచ్చింది, ఏం నేర్చుకోమంది? అద్దం లేని ఈ కెమెరాల వెనకున్న కథేమిటి?

మా వీధి చివర కిరాణా కొట్టులో బియ్యం తూచే కాంటా ఉంది. ఓ సాయంత్రం నా కెమెరా బ్యాగు తీసుకెళ్లి దాని మీద పెట్టాను. రెండు బాడీలు, రెండు పెద్ద లెన్సులు, ఫ్లాష్, బ్యాటరీలు, చార్జర్లు... అన్నీ కలిపి ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు!

ఇరవై ఏళ్లుగా బ్యాగు మోస్తూనే ఉన్నా, దాన్ని ఎప్పుడూ తూచి చూడలేదు. ఆ అవసరం భుజం వల్ల వచ్చింది. అంతకు ముందు వారం కుడి భుజం పట్టేసి, అలమరలో పై అర కూడా అందలేదు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, ‘రోజూ ఏం మోస్తారు సార్? ఎటువైపు వేసుకుంటారు? ఎంత బరువుంటుంది?’ అని వరసగా అడిగింది. మొదటి రెండింటికీ జవాబు చెప్పాను. మూడోదాని కోసం కాంటా దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

నా పాత కెమెరా నికాన్ డీ750. 2014లో వచ్చిన మోడల్. బ్యాటరీ, కార్డు వేస్తే 840 గ్రాములు. దానికి నేనెప్పుడూ తగిలించి ఉంచే 24-70 లెన్సు 900 గ్రాములు. అంటే మెడలో వేలాడేది పావు తక్కువ రెండు కిలోలు. దాని స్థానంలోకి ఇప్పుడు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ50 వచ్చింది. దాన్ని 2024 మేలో ప్రకటించారు. బ్యాటరీ, కార్డుతో సహా 438 గ్రాములు, దానికి పెట్టుకున్న 23 ఎంఎం ఎఫ్2 లెన్సు 180 గ్రాములు. అదే కాంటా మీద పట్టీ లేకుండా పెడితే 620 చూపించింది. కొట్టాయన తీసి పక్కన పెట్టిన కిలో పంచదార పొట్లం కంటే తేలిక.

ఇంటికొస్తూ దాన్ని చేత్తోనే పట్టుకుని నడిచాను. గుమ్మం దగ్గర తాళం తీయడానికి కెమెరా కింద పెట్టాల్సిన పని లేకపోయింది. అంత చిన్న విషయం కూడా ఆ రోజు నాకు పెద్దగానే అనిపించింది.

అద్దం ఏం చేసేది?

మిర్రర్‌లెస్ అంటే పేరులోనే ఉంది, అద్దం లేనిది అని. అసలు కెమెరాలో అద్దం ఎందుకుండేది?

డీఎస్సెల్లార్‌లో లెన్సు గుండా వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా నిలబెట్టిన అద్దం మీద పడుతుంది. అక్కడి నుంచి పైకి వెళ్లి, గాజు పట్టకంలో మలుపులు తిరిగి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది, అద్దం మళ్లీ కిందికి వస్తుంది. మనం వినే ‘టకాట్’ శబ్దంలో సగం ఆ అద్దానిదే. అది పైకి లేచి ఉన్నంతసేపూ వ్యూఫైండర్‌లో చీకటే. అంటే తాను ఫొటో తీసిన ఆ క్షణాన్ని ఫొటోగ్రాఫర్ వ్యూఫైండర్‌లో చూడలేడు.

అద్దం లేచి దిగడానికి చోటు కావాలి. అందుకే నికాన్ పాత ఎఫ్ మౌంటులో లెన్సు బిగించే చోటుకీ సెన్సర్‌కీ మధ్య 46.5 మిల్లీమీటర్ల దూరం ఉండేది. ఫ్యూజీ ఎక్స్ మౌంటులో అది 17.7 మిల్లీమీటర్లే. అంగుళానికి పైగా మందం అక్కడే తగ్గిపోయింది. ఎక్స్-టీ50లో సెన్సర్ కూడా డీ750 దాని కంటే చిన్నది, కాబట్టి లెన్సులూ చిన్నవయ్యాయి.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 2008లో ప్యానసోనిక్ జీ1తో ఈ తరహా కెమెరాలు మార్కెట్లోకి వచ్చాయి. 2013లో సోనీ ఏ7 పెద్ద సెన్సర్‌ను చిన్న బాడీలో ఇమిడ్చి చూపించింది. 2018లో నికాన్ జెడ్ సిరీస్‌తో, కెనాన్ ఈఓఎస్ ఆర్‌తో అటువైపు తిరిగాయి. ఇప్పుడు పెద్ద కంపెనీల కొత్త మోడళ్లన్నీ దాదాపు మిర్రర్‌లెస్సే. మన ఊళ్లలో పెళ్లిళ్లు తీసే కుర్రాళ్ల మెడలో కూడా ఇవే కనిపిస్తున్నాయి. నేనే ఆలస్యంగా వచ్చాను.

ఆయాసంలోంచి పుట్టిన కెమెరా

బరువు దించుకోవాలన్న కోరిక కెమెరాకు కొత్త కాదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కాలంలో ఫొటో తీయడమంటే పెట్టెలాంటి కెమెరా, దాని స్టాండు, గాజు పలకలు వెంట తీసుకెళ్లడం. ఆయన తీసిన 2,800కు పైగా గాజు నెగెటివ్‌లు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఒక్కో పలకనూ పగలకుండా కోటల దాకా, వేట శిబిరాల దాకా మోసిన కూలీల భుజాల్ని తలుచుకోకుండా ఆ చిత్రాల్ని చూడలేను.

జర్మనీలోని వెట్జ్‌లార్‌లో, లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే మెకానిక్ ఉండేవాడు. కొండలూ అడవులూ తిరిగి ఫొటోలు తీయడం ఇష్టం. కానీ ఉబ్బసం. పలకల కెమెరా మోసుకుంటూ ఎక్కాలంటే ఊపిరి అందేది కాదు. అందుకని సినిమాలకు వాడే 35 ఎంఎం ఫిల్మును తీసుకుని, చేతిలో ఇమిడే కెమెరా ఒకటి చేశాడు. సినిమా ఫ్రేముకు రెట్టింపుగా 24×36 మిల్లీమీటర్ల కొలత పెట్టుకున్నాడు. ఈ రోజు మనం ‘ఫుల్ ఫ్రేమ్’ అంటున్నది ఆ కొలతనే. మొదటి నమూనా 1914 నాటికి తయారైంది. యుద్ధం వల్ల ఆగి, 1925లో లైప్‌జిగ్ సంతలో ‘లైకా’ పేరుతో జనం ముందుకొచ్చింది. వీధిలో జనంతో కలిసి నడుస్తూ ఫొటోలు తీసే పద్ధతి దానితోనే ఊపందుకుంది.

ఒక మనిషి ఆయాసం లోకం చూసే తీరునే మార్చింది. ఆ సంగతి నాకు ఏనాటి నుంచో తెలుసు. భుజం పట్టేశాకే అది ఒంటికి పట్టింది.

కంటి ముందు తయారైన ఫొటో

కొత్త కెమెరాలో కన్ను పెట్టిన మొదటి నిమిషం నాకు నచ్చలేదు. పాత వ్యూఫైండర్‌లో ఎదుటి వెలుగు నేరుగా కంట్లో పడేది. ఇందులో ఉన్నది చిన్న తెర. మసక వెలుతురులో గింజలు గింజలుగా కనిపిస్తుంది. కిటికీలోంచి అవతల వీధిని చూసే అలవాటున్న వాడికి ఆ వీధినే టీవీలో చూపించినట్టనిపించింది.

మూడో రోజుకి దాని మేలు తెలిసొచ్చింది. ఈ తెరలో కనిపించేది దాదాపుగా తీయబోయే ఫొటోనే. ఎదురెండలో మనిషి ముఖం నల్లబడుతుంటే ముందే తెలిసిపోతుంది. వేలికింద చక్రం రెండు గంట్లు తిప్పితే ముఖం తేటపడటం కళ్లతో చూడొచ్చు. ఇన్నాళ్లూ అంచనాతో తీసి, వెనక తెర మీద చూసుకుని, సరిచేసి మళ్లీ తీసేవాణ్ని. ఈలోగా ఎదుటి మనిషి ముఖంలో భావం మారిపోయేది. ఇప్పుడు మధ్యలో తల దించడం తగ్గింది.

ఎడమవైపు పైన మరో చక్రం ఉంది. ఫ్యూజీ వాళ్ల పాత ఫిల్ముల రంగుల్ని తలపించే ‘ఫిల్మ్ సిమ్యులేషన్’ల కోసం పెట్టింది. ఈ కెమెరాలో అలాంటివి 20. ఫిల్మ్ రోజుల్లో స్టూడియోల్లో పనిచేసిన వాళ్లకి ఆ ఆకుపచ్చ డబ్బాలు గుర్తుండే ఉంటాయి. వెల్వియా అంటే ముదురు రంగులు, పచ్చని వరిచేను కళ్లకు కట్టేది. ప్రోవియా అంటే సహజంగా ఉండేది. ఏక్రోస్ నలుపు తెలుపు. చక్రం తిప్పుతుంటే ఆ రోజుల డార్క్‌రూమ్ మందుల వాసన ముక్కుకు తగిలినట్టయింది. ఏక్రోస్ పెట్టుకుంటే కంటి ముందు లోకమే నలుపు తెలుపుల్లోకి మారుతుంది. రంగు చూస్తూ నలుపు తెలుపుల్ని ఊహించడానికి నాకు పదేళ్ల సాధన పట్టింది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఆ చూపు ఇప్పుడు త్వరగా అలవడుతుంది. అందుకు నాకు నిజంగా సంతోషం.

చేసిన తప్పులు, నేర్చిన పాఠాలు

మా వదినగారింట్లో సత్యనారాయణ వ్రతం. కథ వింటున్న వాళ్లను కదిలించకూడదని షట్టర్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలోకి మార్చాను. ఏ శబ్దమూ లేదు. పక్కన కూర్చున్న పాపకు కూడా ఫొటో తీస్తున్నట్టు తెలియలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే సగం ఫొటోల మీద అడ్డంగా నల్లటి చారలు.

తప్పు నాదే. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ పై నుంచి కింది దాకా వరస తర్వాత వరసగా వెలుగును చదువుతుంది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్. చాలా ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి ఆనదు కానీ, వరసలు చదివే సెన్సర్‌కు దొరికిపోతుంది. అలాంటిచోట మామూలు షట్టర్ వాడాలి, వేగాన్ని 1/50 దగ్గరో 1/100 దగ్గరో ఉంచాలి. మర్నాడు మా ఇంట్లో ఎల్ఈడీ దీపం కిందే రెండు పద్ధతుల్లోనూ తీసి చూసుకున్నాను.

రెండోది బ్యాటరీ. డీ750 ఒక చార్జికి 1,230 ఫొటోలు ఇస్తుందని కంపెనీ లెక్క. ఎక్స్-టీ50కి అది 305. అద్దం ఉన్న కెమెరాలో వ్యూఫైండర్ గుండా చూడటానికి కరెంటు దాదాపు అక్కర్లేదు. ఇందులో సెన్సర్, తెర చూసినంతసేపూ పనిచేస్తూనే ఉండాలి. పాత అలవాటుతో ఒకే బ్యాటరీ వేసుకుని బోనాల ఊరేగింపుకు వెళ్లాను. పోతరాజు సందు మలుపు తిరిగే వేళకి తెర ఆరిపోయింది. ఇప్పుడు జేబులో మూడు బ్యాటరీలు ఉంటున్నాయి.

మూడోది దుమ్ము. లెన్సు విప్పగానే పాత కెమెరాలో ముందు అద్దం ఉండేది. ఇందులో సెన్సర్ ఎదురుగానే ఉంటుంది. కంకర లారీలు తిరిగే రోడ్ల మీద లెన్సు మార్చాలంటే కెమెరా ఆపేసి, మూతి నేలవైపు పెట్టి, గాలికి వీపు తిప్పి నిలబడాలి. ఇంకో మాట. ఇందులో కార్డు పెట్టే స్లాటు ఒకటే. మళ్లీ రాని పెళ్లి ఘడియలకు నేను ఇప్పటికీ రెండు కార్డుల పాత కెమెరానే తీసుకెళ్తున్నాను, ఒకదాంట్లో పోయినా రెండోదాంట్లో ఉంటుందన్న భరోసాతో.

పోచంపల్లిలో ఒక భుజం

ఇవన్నీ ఒక ఎత్తు. పోచంపల్లిలో నాకు తెలిసిన ఒక చేనేత ఇంటికి వెళ్లిన రోజు ఒక ఎత్తు. నాలుగేళ్ల కింద డీ750తో వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ కెమెరాను చూడగానే రాట్నం ఆపేసి, కొంగు సర్దుకుని, పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. ఎంతసేపున్నా ఆ బిగువు వదల్లేదు. ఫొటోలు బాగానే వచ్చాయి కానీ, వాటిలో ఆమె లేదు.

ఈసారి చిన్న కెమెరా చేతిలో పట్టుకునే గడపలో కూర్చున్నాను. ఆమె రాట్నం తిప్పుతూ కండె చుడుతోంది.

‘గా చిన్నదాంట్ల ఫొటో వస్తదా బిడ్డా?’

‘వస్తది అవ్వా.’

‘మరి గన్నేండ్లు గంత పెద్దది ఎందుకు మోసినవ్?’

భుజం సంగతి చెప్పాను. రాట్నం ఆపకుండానే ఎడమచేత్తో తన కుడి భుజాన్ని చూపించింది. ‘ఇగో, నాకూ గంతే. ఆసు పోసీ పోసీ అరిగిపోయింది’ అంది.

ఆసు పోయడం అంటే చిటికి కట్టడానికి (రంగు అద్దే ముందు దారాన్ని అక్కడక్కడా బిగించి కట్టడానికి) ముందు పట్టుదారాన్ని మేకుల చట్రం మీద అటూ ఇటూ చుట్టడం. ఒక చీరకు చెయ్యి మీటరు మేర దాదాపు 9 వేల సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న ఆ నొప్పి చూడలేకే ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసుయంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ ఇంట్లో కోడలు యంత్రం మీదే ఆసు పోస్తోంది. అత్త భుజం నొప్పి కోడలి దాకా రాలేదు.

బార్నాక్ ఊపిరి, మల్లేశం తల్లి లక్ష్మి భుజం ఆ గడపలో నాకు ఒక్కచోట కనిపించాయి. పనిముట్టు తేలికైనప్పుడు మిగిలేది బలం ఒక్కటే అనుకునేవాణ్ని. చూపు కూడా మిగులుతుంది. బరువు మోస్తున్నవాడి మనసులో సగం ఎప్పుడూ బరువు మీదే ఉంటుంది. ఆ రోజు నా మనసు మొత్తం ఆమె మీదే ఉంది. ఆమె మాట్లాడుతూ, దారం తెగితే నోటితో తడిచేసి ముడివేస్తూ, మధ్యలో కోడలిని కేకేస్తూ తన పని తాను చేసుకుంది. గంటన్నరలో నేను తీసినవి నలభై ఫొటోలు. ఆమె ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు.

మారాలనుకునేవారికి

చేతిలో ఉన్న కెమెరా బాగా పనిచేస్తుంటే, అది భారమనిపించకపోతే మారనక్కర్లేదు. మారేవాళ్లు ముందు తమ బ్యాగును కాంటా మీద పెట్టండి. బాడీ ఒక్కటే చిన్నదైతే లాభం లేదు, మీరు వాడబోయే లెన్సుతో కలిపి తూచుకోండి. పాత లెన్సులను అడాప్టర్‌తో వాడొచ్చు కానీ, చవక అడాప్టర్లలో ఆటోఫోకస్ ఉండదు. కనీసం రెండు బ్యాటరీలు ఎక్కువ కొనండి. మొదటి నెల డబ్బు తీసుకునే పనులు ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్లనే తీయండి.

పోయిన ఆదివారం ఆ నలభైలో ఒకటి పెద్దగా ప్రింటు వేయించి పోచంపల్లి తీసుకెళ్లాను. దారానికి ముడివేస్తున్న ముఖం. కనుబొమలు దగ్గరికొచ్చి, పెదవుల మధ్య దారపు కొస. అవ్వ దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

‘పని చేసేటప్పుడు నా మొకం గిట్లుంటదా?’ అని అడిగింది.

ఇంటి నిండా పెళ్లి ఫొటోలు, గుళ్ల దగ్గర దిగిన ఫొటోలు ఉన్నాయి. ఇలాంటిది లేదు. దాన్ని వాటి పక్కన పెట్టలేదు. రాట్నం ముందున్న గోడకు, కూర్చుంటే కళ్లెదురుగా ఉండేలా, కోడలితో మేకు కొట్టించి తగిలించుకుంది.