ఇంటివారు - అతిథులు: ఒక వింత రాక్ బృందపు రికార్డు

ఆకాశవాణిలో 'నిలయ విద్వాంసులు' అను మాట చిరకాలముగ వాడుకలో నున్నది. నిలయమునకు చెంది, నిత్యము అచటనే పాడుచు, వాయించుచు నుండువారు నిలయ విద్వాంసులు. కార్యక్రమము నిమిత్తము బయటినుండి ఆహ్వానింపబడి వచ్చువారు అతిథులు. కచ్చేరి ముగిసిన పిదప గాత్రమెవరిదో, వాయులీనమెవరిదో, మృదంగమెవరిదో పేరుపేరున ప్రకటించుట రేడియో సంప్రదాయము. వినువారికిది లాంఛనప్రాయముగ తోచవచ్చును. కాని యొక గానము ఎవరెవరి కృషివలన రూపొందినదో లోకమునకు చెప్పుట కళాకారునకు మనము తీర్చవలసిన ఋణములలో మొదటిది. పాశ్చాత్యుల రాక్ సంగీతములో ఈ ఋణము ఎచ్చట తీరినదో, ఎచ్చట తీరలేదో తెలిసికొనుటకు 2012లో వెలువడిన యొక వింత రికార్డు చక్కని ఉదాహరణము. అమెరికాకు చెందిన 'ఫ్లేమింగ్ లిప్స్' అను బృందము దానిని వెలువరించినది.

రికార్డునకు అతిథి వచ్చు విధము కచ్చేరికి వచ్చు విధము వంటిది కాదు. కచ్చేరిలో ఎల్లరును ఒకే వేదికపై, ఒకే శ్రుతిలో, ఒకే క్షణమున గానము సాగింతురు. ఒకరి మనోధర్మమునకు మరియొకరు అప్పటికప్పుడే బదులు చెప్పుదురు. అనేక ట్రాకుల ధ్వనిముద్రణము వచ్చిన పిమ్మట ఈ నియమము సడలినది. 1950ల దశాబ్దములో అమెరికాలో లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు ఒకే టేపుపై ఎనిమిది ట్రాకులుగ ధ్వనిని ముద్రించు యంత్రమును ఉపయోగించెను. అట్టి యంత్రముపై డ్రమ్ములు ఒక ట్రాకున, గిటారు వేరొక ట్రాకున, గాత్రము మరియొక ట్రాకున ముద్రింపవచ్చును. డ్రమ్ములు వాయించిన నెలకు గాయకుడు వచ్చి, ముందు ముద్రించినదానిని చెవులకు తగిలించుకొన్న యంత్రములో వినుచు తన వంతు పాడవచ్చును. కంప్యూటరు వచ్చిన తరువాత ఆ రాకపోకలతోను పనిలేకపోయినది. అతిథి తన యూరనే పాడి ఆ ధ్వనిని అంతర్జాలము ద్వారా పంపివేయును. ఇందు సౌకర్యమెంత యున్నదో ప్రమాదమును అంత యున్నది. పంపిన కంఠమును గృహస్థు ఏమి చేయునో, ఏ ధ్వనుల నడుమ నిలుపునో, ఎచ్చట కోసివేయునో అతిథి యెరుగడు.

పేరు చెప్పుట, చెప్పకుండుట అను విషయములో రాక్ చరిత్ర విచిత్రమైనది. 1968 జనవరిలో బీటిల్స్ బృందమునకు చెందిన జార్జ్ హారిసన్ బొంబాయిలో భారతీయ విద్వాంసులచే వాయింపించి 'ది ఇన్నర్ లైట్' అను పాటకు వాద్యభాగమును ముద్రించెను. ఆ రికార్డుపై ఆ విద్వాంసుల పేర్లు లేవు. ఆ సంవత్సరమే ఎరిక్ క్లాప్టన్ అంతటి గిటారు ప్రసిద్ధుడు బీటిల్స్ వారి పాటలో వాయింపగా అతని పేరును అట్టపై ముద్రింపబడలేదు. మరుసటి యేట 'గెట్ బ్యాక్' అను రికార్డుపై మాత్రము బిల్లీ ప్రెస్టన్ పేరును బృందము పేరుతో జతగ వేసిరి. ఒకే యింటివారు, రెండేండ్ల వ్యవధిలో, అతిథులయెడ రెండు విధములుగ వర్తించిరన్నమాట.

ఇక ఫ్లేమింగ్ లిప్స్ సంగతి. 1983లో ఓక్లహామా రాష్ట్రమున వేన్ కోయిన్, అతని సోదరుడు మార్క్, మైకేల్ ఐవిన్స్ అనువారు ఈ బృందమును స్థాపించిరి. కొన్నాళ్లకు మార్క్ తొలగగా వేన్ కోయిన్ గాయకుడును నాయకుడును అయ్యెను. అతడు చాలకాలము చేపల వంటకములమ్ము భోజనశాలలో వంటపని చేసి జీవించినవాడు. 1991లో స్టీవెన్ డ్రాజ్డ్ చేరిన పిదప బృందమునకు సంగీతపుష్టి కలిగినది. డ్రమ్ములకై వచ్చిన అతడు క్రమముగ అనేక వాద్యములను చేపట్టి, బాణీల కూర్పులో కోయిన్‌కు కుడిభుజమయ్యెను.

వీరి వింతలలో మిక్కిలి పేరుపొందినది 1997లో వెలువడిన 'జైరీకా'. అందులో నాలుగు డిస్కులున్నవి. ఎనిమిది పాటలలో ప్రతి పాటయు నాలుగు భాగములుగ విడదీయబడి నాలుగింటిలోను పంచబడినది. నాలుగు యంత్రములు తెచ్చి, నలుగురు మిత్రులు చేరి, ఒక్క క్షణమున మీటలు నొక్కిననే పాట పూర్తిగ వినవచ్చును. ఏ రెండు యంత్రములును సరిగ ఒకే వేగమున నడువవు. కావున ధ్వనులు రవంత ముందు వెనుకలగుచు, విన్న ప్రతిమారును పాట కొంత క్రొత్తగ నుండును. దీనికి ముందు 1996లో కోయిన్ పదులకొలది కార్లను ఒకచోట నిలిపి, ఒక్కొక్క కారులో ఒక్కొక్క క్యాసెట్టు పెట్టించి, అన్నింటిని ఒక్కమారుగ మ్రోగింపజేసెను. ఏకాంతమున వినుటకు అలవాటుపడిన కాలమున నలుగురు కూడిననే గాని వినిపించని రికార్డును చేయుట యెట్టి సాహసమో రేడియోలో పనిచేయు మాబోటివారికి సులభముగ అర్థమగును. ఒకప్పుడు రేడియో పెట్టె చుట్టును వీధివారెల్లరు గుమిగూడి వినిన దేశము మనది.

2002లో వెలువడిన వీరి ప్రసిద్ధమైన రికార్డు 'యోషిమీ బ్యాటిల్స్ ది పింక్ రోబోట్స్'. 'బోర్డమ్స్' అను జపాను బృందమునకు చెందిన యోషిమీ అను విదుషి అందు అతిథిగ కంఠమునిచ్చెను. అతిథి పేరు రికార్డు పేరులోనే నిలిచినది. ఇంతకంటె గౌరవమేమి కలదు?

2011లో వీరు నియమబద్ధముగ ఆల్బములు విడుదల చేయు పద్ధతిని వదలి, మాసమాసమునకు ఏదో యొక క్రొత్త కూర్పును వెలువరింపసాగిరి. జిగురుమిఠాయితో చేసిన పుర్రెలో పాటలను దాచి అమ్మిరి. ఆరు గంటల పాటను, ఆపై ఇరువదినాలుగు గంటల పాటను చేసిరి. ఈ వరుసలోనే నియాన్ ఇండియన్, ప్రీఫ్యూజ్ 73, లైట్నింగ్ బోల్ట్, యోకో ఓనో మొదలగువారితో కలిసి చిన్న చిన్న రికార్డులు చేసిరి. ఆ పాటలలో కొన్నింటికి మరికొందరు అతిథుల పాటలను చేర్చి, 2012 ఏప్రిల్ 21న, రికార్డు దుకాణముల పండుగ దినమున, 'ది ఫ్లేమింగ్ లిప్స్ అండ్ హెడీ ఫ్వెండ్స్' అను పేరుతో రెండు పలకల రికార్డుగ వెలువరించిరి. 'ఫ్రెండ్స్' అను మాటను నోరు తిరుగని పసివాడు పలికినట్లు 'ఫ్వెండ్స్' అనిరి. పేరులోనే మైత్రియు, చిలిపితనమును కలవు. అతిథులలో కొందరి రక్తబిందువులను గాజువలె పారదర్శకముగ నుండు పలకలలో నింపి కొలదిపాటి ప్రతులను చేయించుట ఈ బృందపు వెర్రికి పరాకాష్ఠ. దానిని మేము మెచ్చుకొనజాలము. కాని అతిథి తన యందలి అంశమును ఇంటివారికిచ్చి పోవుచున్నాడను భావమును ఇంత మొరటుగ చెప్పినవారు వేరొకరు లేరు.

రికార్డులోని పదుమూడు పాటలలో అతిథులు వచ్చిన తావులు పరస్పరము ఎంతో దూరమైనవి. కేషా నాటి ప్రజాదరణ పొందిన నృత్యగీతముల గాయని. బాన్ ఈవర్ పేరిట పాడు జస్టిన్ వెర్నన్ విస్కాన్సిన్ రాష్ట్రపు మృదుగాయకుడు. టేమ్ ఇంపాలా ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరము వారు. నిక్ కేవ్ గంభీరకంఠుడు. యోకో ఓనో అప్పటికే డెబ్బది యైదేండ్లు దాటిన చిత్రకళా, సంగీత ప్రయోగశీలి. ఇట్టివారిని ఒకచోట చేర్చిన రికార్డు సామాన్యముగ సంతలోని అంగళ్ల వరుసవలె నుండును. ఇది అట్లు లేదు. కారణము, ఇంటివారి ధ్వని అంతట ఒకటిగ నుండుట. బరువైన డ్రమ్ములు, చీలిపోయినట్లు గరగరలాడు గిటార్లు, వెనుక పొగమంచువలె వ్యాపించు సింథసైజరు స్వరములు ప్రతి పాటయందును కలవు. ఆ పొగమంచులోనికి ఒక్కొక్క అతిథియు తన దీపమును పట్టుకొని వచ్చును. లైట్నింగ్ బోల్ట్ అను ఇద్దరు వాదకుల బృందము పాల్గొన్న పాట నెమ్మదిగ మొదలై, నడుమ హఠాత్తుగ తుపానుగ మారి, మరల శాంతించును. అతిథి రాకయే ఆ పాటకు నిర్మాణమైనది.

తక్కినవానికంటె చర్చకు గురియైనది ఎరికా బాడు పాడిన పాట. 1957లో ఇవాన్ మకాల్ రచించగా, 1972లో రాబర్టా ఫ్లాక్ కంఠమున లోకప్రసిద్ధమైన 'ది ఫస్ట్ టైమ్ ఎవర్ ఐ సా యువర్ ఫేస్' అను ప్రేమగీతమది. ఈ రికార్డులో అది సుమారు పది నిమిషములు సాగును. బాడు కంఠము ధ్వనుల వెల్లువలో మునుగుచు, తేలుచు వినవచ్చును. వినుటకు ఆ పాట అపూర్వముగ నున్నది. కాని 2012 జూన్‌లో ఆ పాటకు తీసిన దృశ్యచిత్రము అంతర్జాలమున వెలువడగా, తన తుది యామోదము లేకయే దానిని ప్రకటించిరని బాడు బహిరంగముగ నిరసించెను. ఆమోదము లేని ప్రతిని తొందరపడి వెలువరించితిమని బృందమువారు ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి. చిత్రము తొలగింపబడెను. పిమ్మట అదే పాటను అమాండా పామర్ అను గాయనిచే మరల పాడించిరి.

ఈ వివాదమును కేవలము వార్తాపత్రికల కోలాహలముగ త్రోసిపుచ్చరాదు. అట్టపై బాడు పేరు ఉన్నది, గౌరవమును ఉన్నది. అయినను ఋణము తీరలేదు. పేరు ప్రకటించుట మొదటి ఋణమైనచో, ఇచ్చిన కంఠమును, రూపమును ఇచ్చినవారి సమ్మతి మేరకే వాడుట రెండవది. బొంబాయి విద్వాంసుల విషయమున మొదటిది తీరలేదు. బాడు విషయమున రెండవది తీరలేదు. వేదికపై ఎదురెదురుగ కూర్చున్నవారికి ఈ చిక్కు అంతగా రాదు. నచ్చనిచో విద్వాంసుడు విల్లు దించివేయును. తన కంఠమును మాత్రమే పంపి, తాను దూరమున నున్నవానికి దించుటకు విల్లు లేదు.

2014లో ఈ బృందమే బీటిల్స్ వారి 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమును మైలీ సైరస్ మొదలగు అనేక అతిథులతో మరల పాడించి, వచ్చిన ధనమును ఓక్లహామాలో పెంపుడు జంతువుల వైద్యమునకు తోడ్పడు సంస్థకు కేటాయించినది. అతిథులను పిలుచు అలవాటు వారిని విడువలేదు. విడువనవసరమును లేదు. నేడు ఏ కంఠమునైనను ఏ పాటలోనికైనను చేర్చగల యంత్రములు ఎల్లర చేతులకును వచ్చినవి. ఇల్లు ఎంత వింతదైనను దోషము లేదు. పిలిచిన వారి పేరు చెప్పి, వారి మాట విని, వారు ఒప్పిన రూపముననే వారిని లోకమునకు చూపిననాడే అది అతిథులు రాదగిన ఇల్లగును.