గరాచర్మలో చల్లగాలి ఎక్కడుంది?

కంపెనీ ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బాను తీసేసి, ఆ చోట మెరిసే అల్యూమినియం గొట్టాన్నీ, దాని చివర శంకువు ఆకారపు ఫిల్టర్‌నూ బిగించడం కార్ల మీద మోజున్న కుర్రకారు మొదట చేయించే మార్పుల్లో ఒకటి. దీన్ని కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అంటారు. దొరికే కిట్టు తమ కారుకు కుదరకపోతే కొలతలు తీసి, గొట్టం వంచి, వెల్డింగ్ పెట్టించి సొంతంగా చేయించుకునేవాళ్లూ ఉన్నారు. పికప్ పెరుగుతుంది, మైలేజీ వస్తుంది, చప్పుడు గంభీరంగా మారుతుంది అని అమ్మేవారు మూడు మాటలు చెబుతారు. మూడోది నిజం. మొదటి రెండూ కారును బట్టి, నడిపే దారిని బట్టి, ముఖ్యంగా ఆ ఊరి గాలిని బట్టి ఉంటాయి. ఆ లెక్క వేసి చూడటానికి గరాచర్మ చక్కటి ఊరు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనివే. ఇక్కడ పగటి వేడి ఏడాది పొడవునా 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, తేమ 80 శాతానికి అటూ ఇటూగా. రెండు రుతుపవనాలూ తడిపిపోయే నేల కాబట్టి వాన ఏటా 3,000 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురుస్తుంది. ఇలాంటి చోట ఆ గొట్టం ఇవ్వగలిగేది బహు తక్కువ, తెచ్చిపెట్టగల చిక్కులు మాత్రం ఎక్కువ. ఎందుకో చూద్దాం.

ముందు గొట్టం వెనక ఉన్న శాస్త్రానికి దక్కాల్సిన మర్యాద దక్కాలి. అది ఉత్త కబురు కాదు. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. అంటే ఇంజన్ తాగే ఇంధనం కంటే పీల్చే గాలి ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. 1200 సీసీ ఇంజన్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరుగుతూ పూర్తిగా పీల్చుకుంటే ఆ ఒక్క నిమిషంలోనే 3,600 లీటర్ల గాలి లోపలికి పోతుంది. సిలిండర్ పరిమాణం మారదు కాబట్టి, అదే చోటులో ఎక్కువ ఆక్సిజన్ పట్టించాలంటే గాలి చిక్కగా ఉండాలి, చిక్కగా ఉండాలంటే చల్లగా ఉండాలి. 30 డిగ్రీల దగ్గర గాలి మూడు డిగ్రీలు చల్లబడితే దాని సాంద్రత దాదాపు ఒక శాతం పెరుగుతుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు బోనెట్ కింద గాలి 60 డిగ్రీలు దాటి కాగుతుంది. అక్కడి గాలి పీల్చే కారును బయటి 30 డిగ్రీల గాలికి మారిస్తే దాదాపు పది శాతం ఎక్కువ ఆక్సిజన్ అందినట్టే. అమ్మకపు మాటలన్నీ నిలబడేది ఈ లెక్క మీదే.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఇప్పటి కారు బోనెట్ కింది వేడిగాలిని పీల్చదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ముందుకు పోయే గొట్టాన్ని చేత్తో తడిమి చూస్తే దాని మూతి చాలా కార్లలో గ్రిల్ వెనకో, రేడియేటర్ పైనో, ముందు చక్రం పై రేకు లోపలో తేలుతుంది. అంటే కంపెనీ ఇచ్చిన ఆ అందవికారమైన డబ్బానే అసలైన కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. ప్లాస్టిక్ తొందరగా వేడెక్కదు కూడా. ఆ అల్యూమినియం గొట్టం ఇంజన్ పక్కన పడుకుని కాసేపట్లోనే చేయి పెట్టలేనంత కాగుతుంది. సంతలో ఈ పేరుతో అమ్ముడయ్యే వాటిలో చాలావరకు ఇంజన్ పక్కనే తెరిచి పెట్టిన ఫిల్టర్లే. అవి చల్లగాలిని కాదు, అంతకుముందు కారు పీల్చని వేడిగాలిని పీలుస్తాయి. లోపలికి వచ్చే గాలి వేడెక్కితే నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, రాకుండా ఇంజన్ కంప్యూటర్ స్పార్కు సమయాన్ని వెనక్కి జరుపుతుంది, ఉన్న శక్తిలోనే కొంత పోతుంది. నమ్మకం కుదరకపోతే పరీక్ష సులువే. పదేళ్లుగా వస్తున్న కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. చౌకగా దొరికే చిన్న స్కానర్ దానికి తగిలిస్తే ఇంజన్‌లోకి పోయే గాలి ఎంత వేడిగా ఉందో ఫోన్‌లో కనిపిస్తుంది. కారు రోడ్డు మీద సాగుతున్నప్పుడు ఆ అంకెకూ బయటి వేడికీ మధ్య ఐదారు డిగ్రీల తేడా మాత్రమే ఉంటే, ఎంత గొప్ప గొట్టం వేసినా మిగిలేది రెండు శాతం లోపే. 80 హార్స్‌పవర్ కారుకు అది ఒకటిన్నర హార్స్‌పవర్. బయటి గాలి కంటే చల్లని గాలిని ఏ గొట్టమూ తేలేదు.

ఇక గరాచర్మ గాలి సంగతి. ఈ విషయం మీద మాట్లాడేవాళ్లు వేడిని లెక్కిస్తారు గానీ తేమను ఎందుకో వదిలేస్తారు. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్నప్పుడు గాలిలో 3.4 శాతం దాకా నీటి ఆవిరే ఉంటుంది. ఆవిరి ఆక్రమించిన ఆ చోటులో ఆక్సిజన్‌కు తావు లేదు. ఆ లోటు పూడ్చాలంటే గాలిని పది డిగ్రీలు చల్లబరచాలి. తెరిచి పెట్టిన ఫిల్టర్‌కు తేమను ఆపే శక్తి లేదు, అందమైన గొట్టానికీ లేదు. అంటే ఇక్కడ గాలి నుంచి ఇంజన్‌కు కలిగే అసలు నష్టాన్ని ఈ పరికరం తాకనైనా తాకదు. అయినా గరాచర్మ కారు దురదృష్టవంతురాలేమీ కాదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, గాలి పీడనం అక్కడ ఆరు శాతం దాకా తక్కువ. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో హైదరాబాద్ కారు పీల్చే ఆక్సిజన్ కంటే, ఉక్కపోతలో ఉన్నా సముద్రపు ఒడ్డున తిరిగే గరాచర్మ కారుకు ఏడెనిమిది శాతం ఎక్కువే దక్కుతుంది. గొట్టం నిజంగా ఇవ్వగలిగే దాని కంటే భూగోళం ఇప్పటికే ఎక్కువ ఇచ్చేసింది, అదీ ఉచితంగా. తేమకు ఒక సుగుణమూ ఉంది, చెప్పకపోతే అన్యాయం. ఆవిరి మంట వేడిని కాస్త తగ్గించి నాకింగ్‌ను అదుపులో పెడుతుంది.

ఇంత చెప్పినా బిగించుకున్నవాళ్లు ఒక మాట అంటారు: కాగితం లెక్కలు ఎలా ఉన్నా, తొక్కితే తేడా తెలుస్తోంది కదా. తెలుస్తుంది, కాదనడానికి లేదు. అయితే ఆ తెలిసేదాంట్లో చెవి వాటా చాలా ఎక్కువ. కంపెనీ డబ్బాలో, దాని పక్క గదుల్లో గాలి ఊగిసలాట చప్పుడును మింగే ఏర్పాటు ఉంటుంది. అది పోగానే ఇంజన్ గర్జన నేరుగా లోపలికి వినిపిస్తుంది, గర్జన పెరిగితే వేగం పెరిగినట్టు మనసుకు తోస్తుంది. ఇంకో సంగతి, పెట్రోలు కారులో గాలిని అడ్డుకునేది ఎక్కువ సమయం ఫిల్టర్ కాదు, థ్రాటిల్ మూత. యాక్సిలరేటర్ మీద పాదం సగం నొక్కి ఉన్నంతసేపూ ఆ మూత కావాలనే గాలిని బిగబట్టి ఉంచుతుంది. ట్యాపు కొంచెమే తిప్పి, వెనక పైపు లావు చేస్తే బకెట్ తొందరగా నిండదు కదా. చల్లగాలి లాభం కనబడేది పాదం పూర్తిగా నేలకానినప్పుడే. గరాచర్మ నుంచి బజారుకు పోయి వచ్చే దారిలో అలాంటి క్షణాలు ఎన్ని? అదే ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ గేటు దాటాక జరావా తెగ రిజర్వు గుండా బారాటాంగ్ దాకా పోయే వాహనాలు కాన్వాయ్‌గా, గంటకు 40 కిలోమీటర్లు మించకుండా, ఒకదాన్నొకటి దాటకుండా నడవాలి. అక్కడ పది శాతం శక్తి పెరిగినా వాడుకోవడానికి దారి లేదు. డీజిల్ కార్ల కథ వేరు. వాటిలో టర్బో గాలిని నొక్కి వంద డిగ్రీలు దాటించి, చల్లార్చడానికి ఇంటర్‌కూలర్‌కు పంపుతుంది. ముందు గొట్టం దగ్గర తగ్గించిన మూడు నాలుగు డిగ్రీలు ఆ తతంగంలో చాలావరకు కరిగిపోతాయి.

మైలేజీ మాట తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో కొత్త తరం పెట్రోలు కార్లలో కావాలని మూసుకుపోయిన ఫిల్టర్లు పెట్టి కొలిచింది. వేగం పుంజుకోవడంలో తేడా కనిపించింది గానీ మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కంప్యూటర్ వచ్చిన గాలిని కొలిచి అందుకు తగ్గట్టే పెట్రోలు చిమ్ముతుంది, గాలి తగ్గితే డ్రైవరు యాక్సిలరేటర్ మరికాస్త నొక్కుతాడు, అంతే. దుమ్ముతో పూడిపోయిన ఫిల్టరే మైలేజీని తగ్గించలేనప్పుడు, బాగున్న ఫిల్టర్‌ను ఇంకా సులువుగా గాలి పోయేలా మారిస్తే మైలేజీ ఎక్కడి నుంచి పెరుగుతుంది? పెరిగిందనేవాళ్లు కొత్త మోజులో పాదం తేలికగా వేసి ఉంటారని నా అనుమానం.

లాభం చిన్నదే అయినా నష్టం లేకపోతే ముచ్చటగా పెట్టుకోవచ్చు. చిక్కంతా నష్టం దగ్గరే ఉంది. నిజంగా చల్లటి గాలి కావాలంటే ఫిల్టర్‌ను ఇంజన్ గదిలోంచి బయటికి తెచ్చి బంపర్ వెనక కిందుగా పెట్టాలి. రోడ్డు మీది నీళ్లకు అదే దగ్గరి చోటు. గరాచర్మకు కూతవేటు దూరంలోని సిప్పీఘాట్‌లో 2004 డిసెంబరు భూకంపానికి నేల కుంగింది, సునామీ తర్వాత ఒకప్పటి పొలాల్లో సముద్రపు నీరు నిలిచిపోయింది. వానా పోటూ కలిసి వచ్చిన రోజున ఇలాంటి పల్లపు దారుల్లో చక్రం సగం మునిగే నీళ్లు వింత కాదు. కిందికి దించిన ఫిల్టర్ ఒక్కసారి మునిగితే ఇంజన్ గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. గాలిలా నీరు నొక్కుడుపడదు కాబట్టి పైకి వస్తున్న పిస్టన్ రాయిని గుద్దినట్టు ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు బీమా పాలసీలు ఇలా నీరు చేరి చెడిన ఇంజన్‌కు సాధారణంగా డబ్బు ఇవ్వవు, ఇంజన్ రక్షణ పేరుతో విడిగా కొనుక్కోవాలి. కొనుక్కున్నా, మార్చిన ఇన్‌టేక్ చూసిన సర్వేయరు ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. కంపెనీ ఇంజనీర్లు గాలి మూతిని హెడ్‌లైట్ ఎత్తున పెట్టింది తెలివితక్కువై కాదు.

ఉప్పు సంగతి ఇంకోటి. సముద్రపు గాలిలోని ఉప్పు అల్యూమినియం గొట్టాన్ని మచ్చలు మచ్చలుగా తినేస్తుంది, ఇనుప క్లాంపులను తుప్పు పట్టిస్తుంది. క్లాంపు వదులైతే ఫిల్టర్‌ను తప్పించుకుని దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ద్వీపాలకు విడిభాగాలు ఎక్కువగా ఓడల మీద రావాలి, కాగితపు ఫిల్టర్ దుకాణంలో లేకపోతే ఎదురుచూడాలి, కడుక్కుని మళ్లీ వాడుకునే నూలు ఫిల్టర్ ఉంటే ఆ బాధ లేదు కదా అంటారు. ఆశ బాగానే ఉంది. కానీ కడిగిన నూలు ఫిల్టర్ పూర్తిగా ఆరాక నూనె పట్టించాలి, ఎనభై శాతం తేమలో వానాకాలం అది ఎప్పటికి ఆరేను? తడి ఉండగానే నూనె రాస్తే పట్టదు. నూనె ఎక్కువైతే, గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో అది సన్నటి వేడి తీగ మీద పేరుకుని కొలత తప్పిస్తుంది. గొట్టం లావు మారినా ఆ కొలత తప్పుతుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం వెలుగుతుంది, మెకానిక్ దగ్గరికి తిరుగుడు మొదలవుతుంది. ఓడ ఇబ్బందికి మందు చాలా చప్పగా ఉంటుంది: కాగితపు ఫిల్టర్లు రెండు ఒకేసారి తెప్పించి ఒకదాన్ని పొడి చోట దాచుకోవడం.

చట్టం దగ్గరికి వస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో మారిన 182ఏ సెక్షన్ ప్రకారం, చట్టం అనుమతించని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆర్‌సీ పుస్తకంలో ఫిల్టర్ ఊసే ఉండదు కాబట్టి ఇది మార్పు కాదని వాదించేవారున్నారు. ఫిల్టర్ వరకు ఆ వాదనకు బలం ఉంది, అదే డబ్బాలో వేరే కంపెనీ ఫిల్టర్ వేస్తే ఎవరూ పట్టించుకోరు. డబ్బానే పీకేసి చప్పుడు పెంచినప్పుడు మాత్రం వాదన పలచబడుతుంది, ఎందుకంటే కారుకు అనుమతి వచ్చింది పొగతోపాటు చప్పుడుకూ పరీక్ష పెట్టాకే.

గొట్టం నిజంగా పనికొచ్చే బండ్లు లేకపోలేదు. కార్బురేటర్ పైనే గుండ్రటి ఫిల్టర్ డబ్బా కూర్చుని బోనెట్ కింది వేడిగాలినే పీల్చే పాత జీపులు, పాత అంబాసిడర్లు ఉన్నాయి. వాటికి గ్రిల్ దాకా ఒక గొట్టం లాగితే లోపలికి వెళ్లే గాలి వేడి ముప్పై డిగ్రీల దాకా తగ్గవచ్చు. అలా చేయించేటప్పుడు మూతిని కిందికి దించకుండా రేడియేటర్ పై అంచు కంటే ఎత్తునే ఉంచాలి, లోహం బదులు మందపాటి రబ్బరు వాడాలి, క్లాంపులు స్టెయిన్‌లెస్‌వి వేయాలి, ఫిల్టర్‌కు మూత ఉన్న డబ్బా ఉంచాలి. మిగతా కార్లవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకుని, వానలు మొదలయ్యే మే నెలకు ముందు ఒకసారి పాత డబ్బానే విప్పి చూస్తే చాలు: మూత చుట్టూ రబ్బరు చీలిందా, లోపల ఆకులూ తడీ చేరాయా, అడుగున నీళ్లు కారిపోవడానికి పెట్టిన చిన్న రంధ్రం బురదతో మూసుకుపోయిందా అని.